రెండో కాగితం

నెల మొదటి వారం వచ్చిందంటే ఆ మేడమెట్లకి తీరిక ఉండదు. కింద కొట్టు తలుపులు తెరవకముందే ఎవరో ఒకరు ఇరవై రెండు మెట్లూ ఎక్కి, చేతిలో మడత పెట్టిన కాగితంతో పై వరండాలో నిలబడి, "జీతాలాయన లేచారా?" అని అడుగుతారు. జీతాలాయన ఎప్పుడో లేచి, గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, టీ గ్లాసు పక్కన పెట్టుకుని కూర్చుని ఉంటాడు. ఆయన ఉద్యోగం నుంచి దిగిపోయి నాలుగేళ్ళయింది గానీ, ఉద్యోగం ఆయన నెత్తి మీంచి ఇంకా దిగలేదు.

నూలు మిల్లు జీతాల విభాగంలో ముప్పై ఒక్క ఏళ్ళు గుమాస్తాగా చేశాడు. తొమ్మిది వందల మందికి నెలనెలా లెక్క కట్టిన చెయ్యి. ఆయన స్లిప్పు చూసి "సరిగ్గానే ఉందోయ్" అంటే సరిగ్గా ఉన్నట్టే. "ఓవర్‌టైం రెండు గంటలు ఎగ్గొట్టారు, వెళ్ళి అడుగు" అంటే వెళ్ళి అడగాల్సిందే. మేనేజరు మాటకైనా ఎదురుండేదేమో గానీ, జీతాలాయన కూడికకి ఎదురుండేది కాదు. అసలు పేరు ఇంట్లో వాళ్ళకే సగం మరపున పడింది.

"ఊరందరి జీతాలూ చూస్తారు, ఇంట్లో పంచదార డబ్బా మాత్రం చూడరు," అంది ఆయన భార్య, ఆ గురువారం పొద్దున రెండో టీ తెచ్చి పెడుతూ. "ఇదే ఆఖరి చెంచా. మళ్ళీ కొననంటే కొనను. ఎనిమిది రోజుల్లో పోయేవాళ్ళకి కొత్త పొట్లాలెందుకు?"

"ఆరు రోజులు," అని దిద్దాడాయన. "లారీ బుధవారం వస్తుంది."

"ఆరో ఎనిమిదో, నాకు మాత్రం ఈ మెట్ల పీడ విరగడవుతుంది." ఆవిడ మోకాలు పట్టుకుని లోపలికి వెళ్ళింది. పట్నంలో మాట్లాడి పెట్టిన ఇల్లు కింది వాటా. రెండు పడగ్గదులు, గుమ్మం దాటితే నేల. ఆ మాట విన్న రోజు నుంచి ఆవిడ పాత సామాను ఒక్కొక్కటే కింద కొట్టావిడకి ఇచ్చేస్తోంది. పెద్ద గిన్నెలు వెళ్ళిపోయాయి, రెండు పీటలు వెళ్ళిపోయాయి.

ఈ ప్రయాణమంతా కోడలి ఉద్యోగం వల్ల. ఆ అమ్మాయి ఈ ఊళ్ళోనే ఒక కళ్ళజోళ్ళ దుకాణంలో ఆరేళ్ళుగా ఫ్రేములకి అద్దాలు అమర్చేది. వెంట్రుకంత గీత ఉన్నా పట్టేసే కన్ను. పట్నంలో అద్దాలు తయారుచేసే పెద్ద కంపెనీ వాళ్ళు ఆ కన్ను చూసే తనిఖీ విభాగంలోకి తీసుకున్నారు. ఆఫర్ లెటర్‌లో ఏడాదికి ఆరు లక్షలని ఉంది. జీతాలాయన అప్పటికప్పుడు కాగితం తీసి లెక్క వేశాడు. ఆరు లక్షలంటే నెలకి యాభై వేలు. అందులో ప్రావిడెంట్ ఫండు కింద మూడు వేలు కోత, పన్ను ఒక వెయ్యి. చేతికి నలభై ఆరు. ఇంటద్దె పదిహేను, సరుకులు పది, మనవరాలి బడి అయిదు, బస్సులకి మూడు, మందులకి మూడు, కరెంటు, నీళ్ళు, ఫోన్లు కలిపి మూడు. ఇంకా ఏడు వేలు మిగులు. ఆ మిగులు చూసే కొడుకు ప్రెస్సులో రాజీనామా ఇచ్చాడు. పట్నం వెళ్ళాక రెండు మూడు నెలలు నింపాదిగా చూసుకుని మంచి పనిలో చేరొచ్చని తండ్రే చెప్పాడు.

ఆ ఉదయం మెట్లెక్కి వచ్చినవాడు బస్సు డిపో మెకానిక్. చేతులు ఎంత కడుక్కున్నా గోళ్ళ సందున గ్రీజు వదలని మనిషి.

"గుమాస్తాగారూ, మా అమ్మాయిని పట్నం కంపెనీ వాళ్ళు నిలువునా ముంచారండీ. ఇదిగో చూడండి, నెలకి ముప్పై అని రాసిచ్చారు. మొదటి జీతం ఇరవై ఒకటి పడింది. తొమ్మిది వేలు ఎక్కడికి పోయాయంటారు?"

"పోవడానికి వాటికి కాళ్ళున్నాయా ఏమిటోయ్? ఇలా తే."

జీతాలాయన కళ్ళజోడు సర్దుకుని చూశాడు. స్లిప్పులో ఫండు కోత ఉంది, పన్ను ఉంది. రెండూ కలిపినా రెండు వేల చిల్లర. మిగతా దాదాపు ఏడు వేల జాడ లేదు. మళ్ళీ కూడాడు. టీ చల్లారిపోయింది.

"దీనికి ఇంకో కాగితం కూడా ఉందండీ," అని మెకానిక్ జేబులోంచి తీశాడు. "మా అమ్మాయి ఇది కూడా చూపించమంది."

"రెండో కాగితం ఎందుకోయ్? సెలవుల రూల్సు, క్యాంటీన్ రూల్సు తప్ప అందులో ఏముంటాయి?"

"కాదండీ. ఏవో అంకెలున్నాయి."

మిల్లులో నియామకం కాగితం వెనక ఎప్పుడూ ఇంకోటి ఉండేది. యూనిఫాం ఎలా ఉతుక్కోవాలి, సెలవుకి ఎన్ని రోజుల ముందు అర్జీ పెట్టాలి లాంటివి. ముప్పై ఒక్క ఏళ్ళలో జీతాలాయన దాన్ని తిప్పి చూసిన పాపాన పోలేదు. ఇప్పుడు తిప్పాడు. ఫండుకి కంపెనీ కట్టే వాటా, ఆరోగ్య బీమా, ఉద్యోగం మానేటప్పుడు ఇచ్చే మొత్తంలో నెలవారీ భాగం, ఏడాది చివర పనితీరును బట్టి ఇచ్చే బోనసు. అన్నీ ఆ ముప్పైలోనే ఉన్నాయి.

మిల్లులో జీతం వేరు, కంపెనీ వాటా వేరు. కంపెనీ ఇచ్చేదంతా జీతం మీద అదనం. ఇక్కడ ఆ అదనాన్ని కూడా జీతంలో కలిపి పెద్ద అంకె వేశారు. 

"మోసం కాదోయ్," అన్నాడు మెల్లగా. "అంతా రాసే ఉంది. ముప్పై అంటే అమ్మాయి మీద కంపెనీకి అయ్యే ఖర్చు. చేతికొచ్చేది కాదు."

"అంటే ముందే చూసుకోవాల్సింది మనమేనన్నమాట."

"మనమే."

మెకానిక్ నిట్టూర్చి కాగితాలు మడుచుకున్నాడు. "మాకెవరు చెప్తారు లెండి. మీ కోడలికైతే మీరున్నారు," అని మెట్లు దిగిపోయాడు.

ఆ మాట ఆయనకి చెంపదెబ్బలా తగిలింది. ఎందుకంటే మొన్నటి సంగతొకటి అప్పుడే గుర్తొచ్చింది. ఉద్యోగం వచ్చిందని తెలిసి కోడలి అన్నయ్య, వదిన చూడ్డానికి వచ్చిన రోజు. అందరూ హాల్లో కూర్చుని ఉన్నారు. జీతాలాయన నలభై ఆరు లెక్క వినిపిస్తుంటే, కోడలు టీ కప్పులు తీస్తూ అంది, "మామయ్యా, వెనక ఇంకో కాగితం ఉంది కదా, అది చూస్తే నాకు ముప్పై అయిదే తేలుతోంది." ఆయన గట్టిగా నవ్వాడు. "జీతం కాగితం చదవడమంటే కళ్ళజోడు దుకాణంలో బోర్డు మీద అక్షరాలు చదవడం కాదమ్మా!" అన్నాడు. అందరూ నవ్వారు. అన్నయ్య కూడా నవ్వాడు. ఆ అమ్మాయి చెవులు ఎర్రబడ్డాయి. కప్పులు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మెకానిక్ దిగి వెళ్ళేసరికి కొడుకు లారీ వాళ్ళ దగ్గర ఉన్నాడు. కోడలు దుకాణానికి వెళ్ళింది. భార్య స్నానాల గదిలో ఉంది. జీతాలాయన తేలు కుట్టిన దొంగలా బీరువా తీసి కోడలి ఫైలు బయటికి లాగాడు. సొంత ఇంట్లో, సొంత బీరువా ముందు నిలబడి రెండుసార్లు గుమ్మం వైపు చూశాడు.

రెండో కాగితం అక్కడే ఉంది. అంకెల పక్కన పెన్సిల్‌తో కోడలు వేసుకున్న లెక్క కూడా ఉంది. యాభైలోంచి కంపెనీ ఫండు వాటా మూడు వేలు, బీమా వెయ్యి, మానేటప్పటి మొత్తం పదిహేను వందలు, బోనసు అయిదున్నర వేలు తీసేసింది. మిగిలిన ముప్పై తొమ్మిదిలోంచి తన ఫండు మూడు, పన్ను ఒకటి. ముప్పై అయిదు. ఎక్కడా తప్పు లేదు. జీతాల విభాగంలో పదేళ్ళు చేసినవాడైనా అంత శుభ్రంగా వేయడు. ఆ ముప్పై అయిదుని అడ్డంగా కొట్టేసి, పక్కన అదే చేతిరాతతో 'నలభై ఆరు, మామయ్య చెప్పారు' అని రాసి ఉంది.

జీతాలాయన ఆ గీత వైపు చూస్తూ మంచం మీద కూలబడ్డాడు. లెక్క తప్పడం ఒక ఎత్తు. తప్పు లేని తన లెక్కని మామగారి మాట కోసం ఒక పిల్ల కొట్టేసుకోవడం ఇంకో ఎత్తు. నలుగురిలో నవ్వి ఆ గీత గీయించింది తనే. భార్య తలుపు తీసిన చప్పుడవగానే ఫైలు లోపల తోసేసి, చొక్కా గుండీలు సర్దుకున్నాడు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అప్పుడే చెప్పి ఉంటే కథ లేదు. ఆ సాయంత్రం చెబుదామనే అనుకున్నాడు. అందరూ ఇంటికి చేరాక కొడుకు లారీ బేరం కథ చెబుతుంటే గొంతు సవరించుకున్నాడు కూడా. "ఏం నాన్నా?" అన్నాడు కొడుకు. "ఏం లేదు, తాళ్ళు గట్టివి తెమ్మను," అన్నాడు. మర్నాడు పొద్దున పట్నం ఇంటాయనకి ఫోన్ చేసి అద్దె తగ్గించమని అడిగాడు. ఆయన తగ్గించనన్నాడు. తర్వాత పేపరు అంచుల మీద అంకెలు వేస్తూ కూర్చున్నాడు. ఖర్చు ముప్పై తొమ్మిది, రాబడి ముప్పై అయిదు. నాలుగు వేలు తక్కువ. ఎన్నిసార్లు తిప్పి వేసినా నాలుగు వేలు తక్కువే.

ఇద్దరు మనుషులు తగ్గితే? సరుకుల్లో నాలుగు వేలు తగ్గుతాయి. మందుల మూడు వేలూ పూర్తిగా పోతాయి. లెక్క కుదిరింది. తప్పు ఒప్పుకోకుండానే తప్పు దిద్దేసే దారి దొరికింది. కింద కొట్టుకీ నలుగురికీ లెక్కలు రాస్తే తనూ భార్యా ఇక్కడే ఎలాగో ఈడ్చుకురావచ్చు. ఆయన ప్రాణం కుదుటపడింది. ఆ కుదుటపడినందుకు తర్వాత చాలా సిగ్గుపడ్డాడు, అది వేరే విషయం.

ఆ పొద్దునే, శుక్రవారం టిఫిన్ల దగ్గర చెప్పేశాడు. "నేనూ మీ అమ్మా రావట్లేదు. మీరు ముగ్గురూ వెళ్ళండి."

భార్య చేతిలో గరిటె ఆగిపోయింది. "ఎవర్నడిగి రావట్లేదు?"

"ఈ వయసులో పట్నం మనకి పడదు."

"మీకు పడకపోతే మీరుండండి. నన్నెందుకు కలుపుతారు? ఇల్లు ఖాళీ చేస్తున్నామని ఇంటాయనతో మీరే కదా చెప్పారు? నా గిన్నెలన్నీ ఇచ్చేశాక ఇప్పుడా ఈ మాట? రోజుకి నాలుగుసార్లు ఈ మెట్లు దిగి ఎక్కేది మీరా నేనా?"

"ఇంటాయనతో మళ్ళీ మాట్లాడతాను."

"మాట్లాడండి, మాట్లాడండి! మాటలకేం, మీ దగ్గర కావలసినన్ని." ఆవిడ కళ్ళ నీళ్ళు కొంగుతో తుడుచుకుంటూ లేచిపోయింది. అయిదేళ్ళ చిట్టి తాతయ్య మోచెయ్యి పట్టుకుని ఊపింది. "తాతయ్యా, నువ్వు రాకపోతే నాకు లెక్కలెవరు చెప్తారు?" జీతాలాయన నీళ్ళ గ్లాసు ఎత్తి గటగటా తాగేశాడు. కోడలు ప్లేట్లు తీస్తూ ఒక్కసారి ఆయన మొహంలోకి చూసింది. అద్దంలో గీతని వెతికే చూపు అది. ఆయన తల తిప్పుకున్నాడు.

రెండు రోజులు ఇల్లు ఇల్లులా లేదు. అత్తగారు కూర వడ్డిస్తే గిన్నె చప్పుడయ్యేది గానీ మాట వినిపించేది కాదు. కొడుకు తండ్రిని తప్పించుకుని తిరిగాడు. ఆదివారం పొద్దున హాలంతా అట్టపెట్టెలు పరిచి ఉన్నాయి. కోడలు ఒక్కో పెట్టె మీద అక్షరాలు రాస్తోంది. 'వంట', 'చిట్టి బట్టలు', 'అత్తయ్య, మామయ్య'. ఆ ఆఖరి పెట్టె దగ్గర చెయ్యి ఆగింది.

"మామయ్యా, ఇది కట్టాలా విప్పాలా?"

"విప్పేయమ్మా. చెప్పాను కదా."

"ఎందుకో చెప్పలేదు."

"ఎందుకేముంది, పట్నం పడదు."

కోడలు చేతిలో పెన్ను కింద పెట్టి లేచి నిలబడింది. ఆరేళ్ళుగా ఆ ఇంట్లో గొంతు పెంచని పిల్ల. "నెల రోజుల కిందట ఈ పట్నమే మీకు పడింది. ఇల్లు మీరే చూశారు, బడి మీరే చూశారు. ఇప్పుడు పడలేదంటే కారణం ఒక్కటే. కోడలి సంపాదన మీద బతకడం మీకు నామోషీగా ఉంది. అంతేగా?"

"ఏయ్, నాన్నతో ఏమిటా మాటలు?" అన్నాడు కొడుకు.

"అడగనివ్వండి. ఎవరో ఏదో అని ఉంటారు. 'కోడలు తెచ్చి పెడుతుంటే కూర్చుని తింటున్నాడు' అని. అదేగా మామయ్యా?"

ఇక్కడ జీతాలాయన చేసిన పని రాయడానికే చెయ్యి రాదు. కాదనొచ్చు. నిజం చెప్పొచ్చు. కానీ ఆ క్షణాన ఆయనకి కోడలు వేసిన ఆ నింద చల్లటి నీడలా కనిపించింది. పట్టింపు ఉన్న పాతకాలం మనిషి అనిపించుకోవడంలో కాస్త గౌరవమైనా ఉంది. లెక్క రాని జీతాలాయన అనిపించుకోవడంలో ఏముంది?

"అవును," అన్నాడు, నేల చూస్తూ. "అదే అనుకో."

 భార్య వంటింటి గుమ్మంలో నిలబడి నోరు నొక్కుకుంది. "ఛీ, ఛీ! ఏం మాటండీ అది?" అంది. "ఆ పిల్ల ఆరేళ్ళుగా తెచ్చిన జీతం ఈ ఇంట్లో ఎవరి గొంతు దిగలేదు?"

కోడలు మొహం తెల్లబోయింది. ఏడుస్తుందనుకున్నారు. ఏడవలేదు. "సరే," అంది చాలా మామూలుగా. "అయితే నేనూ వెళ్ళను. ఉద్యోగం వద్దని ఇప్పుడే ఉత్తరం రాసేస్తాను. రేపు దుకాణంలో మళ్ళీ కాళ్ళు పట్టుకుంటే పాత పని ఇస్తారు. మీరు తలదించుకుని తినే అన్నం నాకొద్దు మామయ్యా." అని గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

కొడుకు పెట్టె మీద కూర్చుండిపోయాడు. "నా పని కూడా పోయింది నాన్నా," అన్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

జీతాలాయనకి ఆ తలుపు వెనక నోటుపుస్తకంలోంచి కాగితం చింపిన చప్పుడు వినిపించింది. ముప్పై ఒక్క ఏళ్ళలో ఎవరి జీతంలోంచీ న్యాయం కాని ఒక్క పైసా కోయలేదని గొప్ప చెప్పుకునేవాడు. ఇప్పుడు తన పరువు నిలబెట్టుకోవడానికి ఒక మనిషి జీతం మొత్తం కోసేస్తున్నాడు. లేచాడు.  తలుపు తోశాడు. కోడలు మంచం అంచున కూర్చుని, ఒళ్ళో అట్ట పెట్టుకుని రాస్తోంది. అప్పుడు మాత్రం ఏడుస్తోంది.

"ముప్పై అయిదమ్మా," అన్నాడు.

ఆమె తలెత్తింది.

"నీ చేతికొచ్చేది. ముప్పై అయిదే. నువ్వు చెప్పిందే రైటు. నేను రెండో కాగితం చూడలేదు."  అక్కడితో ఆపలేదు, ఆపితే మళ్ళీ చెప్పలేనని తెలుసు. "నామోషీ నీ సంపాదన తినడానికి కాదు. గురువారం తెలిసింది. చెప్పడానికి నోరు రాలేదు. మేమిద్దరం తగ్గితే లెక్క సరిపోతుందని అలా అన్నాను. ఇందాక 'అవును' అన్నది కూడా అబద్ధమే. నిన్ను ఏడిపించి నా తప్పు కప్పుకుందామనుకున్నాను."

గుమ్మంలో భార్యా కొడుకూ నిలబడి ఉన్నారు.  కోడలు 'పోనీలెండి మామయ్యా' అంటుందని ఆయన లోలోపల ఎక్కడో ఆశపడ్డాడు. ఆమె అనలేదు.

"మూడు రోజులుగా తెలుసా?" అంది. "తెలిసీ నన్ను ఆ మాట అనుకోనిచ్చారా?"

"అనుకోనిచ్చాను."

"నేను ఆ కాగితం ఎన్నిసార్లు చూశానో తెలుసా మీకు? మూడుసార్లు కూడాను. మూడుసార్లూ అదే వచ్చింది. మీరు నవ్వారు. మా అన్నయ్య నవ్వాడు. ఇంతమంది నవ్వారంటే తప్పు నాదే అయ్యుంటుందని కొట్టేశాను. కళ్ళెదురుగా ఉన్నదాన్ని కొట్టేశాను మామయ్యా. రేపు అక్కడ అద్దంలో గీత కనిపిస్తే, పక్కవాడు లేదంటే, ఇలాగే వదిలేస్తానేమో. నాకు అదే భయంగా ఉంది. డబ్బుది కాదు."

జీతాలాయన గోడకి ఆనుకుని అలాగే కింద కూర్చుండిపోయాడు. భార్య వచ్చి మోకాలు నొప్పి మరిచిపోయి ఆయన పక్కన కూర్చుంది. "ఇంతోటి దానికా నా కాళ్ళతో ఆడుకున్నారు?" అంది. కసిరినట్టే అంది గానీ చెయ్యి ఆయన భుజం మీద వేసింది. కోడలు ఎవరి వైపూ చూడకుండా ఒళ్ళోని ఉత్తరం నాలుగు మడతలు పెట్టి చింపేసింది.

సోమవారం పొద్దున జీతాలాయన వరండాలో కూర్చోలేదు. ముందు కొడుకు పనిచేసిన ప్రెస్సుకి వెళ్ళాడు. యజమాని ముందు నిలబడి, లెక్క తప్పింది తనేనని, కుర్రాడి తప్పు లేదని, ఇంకో రెండు నెలలు పనిలో ఉంచుకోమని అడిగాడు. కోడలి మొదటి రెండు జీతాలు వచ్చేదాకా కొడుకు ఇక్కడే ఉండి సంపాదిస్తే ఆసరాగా ఉంటుందని ఆయన ఆశ. యజమాని మర్యాదగానే చెప్పాడు, కొత్త మనిషి అప్పటికే చేరిపోయాడని. జీతాలాయన ఖాళీ చేతులతో వచ్చి, ఉన్నదున్నట్టు కొడుకుతో చెప్పాడు. కొడుకు "మూడు నెలల విశ్రాంతి ఎలాగూ ఎక్కువే నాన్నా. దిగిన మర్నాటి నుంచే వెతుక్కుంటా," అన్నాడు.

తర్వాత కోడలి అన్నయ్యకి ఫోన్ చేశాడు. హాల్లో నిలబడి, అందరికీ వినిపించేలా మాట్లాడాడు. "ఆ రోజు నేను నవ్వాను, మీరూ నవ్వారు. మీ చెల్లెలి లెక్కే రైటు. నాది తప్పు. ఈ సంగతి మీ ఆవిడక్కూడా చెప్పండి." అవతల ఆయన ఏదో సర్దిచెప్పబోయాడు. "సర్దకండి బాబూ. తప్పు తప్పే," అని పెట్టేశాడు. చెవులు వేడెక్కి మండుతున్నాయి. వంటింట్లో కోడలు కుళాయి కట్టేసి వింటోందని ఆయనకి తెలియదు.

మధ్యాహ్నం కోడలు కొత్త కాగితంతో వచ్చి పెట్టె మీద పరిచింది. నలుగురూ చుట్టూ కూర్చున్నారు. ఈసారి లెక్క ఆమే వేసింది. పట్నంలోనే ఇంకో ఇల్లు, దుకాణంలో తోటి పనివాళ్ళ ద్వారా కనుక్కుంది. ఒక గది, ఒక హాలు, అద్దె పది వేలు. "కింది వాటాయే అత్తయ్యా," అంది. "కాకపోతే ఊరి చివర." సరుకులు పది, బడి అయిదు, మందులు మూడు, కరెంటు, నీళ్ళు, ఫోన్లు మూడు. మామయ్య చేతిఖర్చు ఒక వెయ్యి. ఎప్పుడేం వస్తుందో అని మూడు వేలు పక్కకి.

"నా జీతం కూడా వేయి," అన్నాడు కొడుకు. "ఎంతో కొంత వస్తుందిగా."

"వచ్చినప్పుడు వేద్దాం. రాని జీతం ఈ కాగితం మీద రాయను."

 జీతాలాయన అంకెలన్నీ వేలితో వెంబడించి కూడాడు. ముప్పై అయిదు, సరిగ్గా. మళ్ళీ పైనుంచి చూశాడు. ఏదో లేదు. చెప్పాలా వద్దా అని కోడలి వైపు చూశాడు. నిన్నటి దాకా 'తప్పు' అనే మాట ఆయనకి ఎదుటివాళ్ళ మీద వాడే పనిముట్టు. ఇవాళ దాన్ని ముట్టుకోవాలంటే భయంగా ఉంది.

"చెప్పండి మామయ్యా," అంది కోడలు. "తప్పుంటే తప్పనే చెప్పండి. నేను మళ్ళీ చూసుకుంటాను."

"నీ బస్సు చార్జీ లేదమ్మా."

"అది అక్కర్లేదు. నడుస్తాను."

"ఎంత దూరం?"

"ఎంతో లేదు. నాలుగు కిలోమీటర్లు."

పోను నాలుగు, రాను నాలుగు. పొద్దంతా నిలబడి అద్దాలు చూసి, ఆ కాళ్ళతోనే మళ్ళీ నాలుగు. అత్తగారికి మెట్లు లేని ఇల్లు కావాలని ఊరి చివరికి వెళ్ళింది. మామగారి చేతిఖర్చు రాసింది. తన బస్సు రాయలేదు. అంత మాట పడ్డాక కూడా. జీతాలాయన పెన్సిల్ తీసుకుని 'మామయ్య చేతిఖర్చు' మీద గీత గీయబోయాడు. కోడలు ఆ అంకె మీద అరచెయ్యి పెట్టేసింది.

"ఇది నేను వేసిన లెక్క మామయ్యా. మీరు తప్పు పట్టొచ్చు. కొట్టేయకూడదు."

ఆయన చెయ్యి అలాగే ఆగిపోయింది. నలుగురి ముందు, పెట్టెల మధ్య, అరవై రెండేళ్ళ మనిషి భోరున ఏడ్చేశాడు. "నన్ను క్షమించమ్మా. లెక్క తప్పినందుకు కాదు. నవ్వినందుకు," అన్నాడు. కోడలి కళ్ళు కూడా నిండాయి. "ఆ నవ్వు మర్చిపోవడానికి నాకు కొంత టైము పడుతుంది మామయ్యా," అంది నిజాయితీగా. "కానీ మీరు లేకుండా నేను వెళ్ళను. రాత్రికి ఆ పెట్టె కట్టేస్తాను." చిట్టి వచ్చి తాతయ్య ఒళ్ళో ఎక్కి, గౌను అంచుతో ఆయన మొహం తుడిచింది.

"ఏడుపు తర్వాత ఏడుద్దురుగానీ," అంది భార్య, తన కళ్ళు ఒత్తుకుంటూనే. "పిల్ల నడవదు. బస్సు రాయాల్సిందే. దేంట్లోంచి తీద్దామో అందరం కలిసి చూద్దాం. ముందు బస్సు పాసు నెలకి ఎంతవుతుందో చెప్పండి, జీతాలాయన గారూ."

ఆయన నోరు తెరిచాడు. అలవాటుగా ఒక అంకె నాలుక చివరి దాకా వచ్చింది. దాన్ని మింగేశాడు.

"తెలీదే," అన్నాడు.

ముప్పై ఆరేళ్ళ కాపురంలో ఆ నోట ఆ మాట వినలేదేమో, ఆవిడ మోకాలు రుద్దుకోవడం ఆపి ఆయన వైపు చూసింది. కోడలు కన్నీళ్ళలోంచే నవ్వింది.

"నాకూ తెలీదు మామయ్యా," అంది. "రండి, కిందికెళ్ళి ఎవర్నైనా అడుగుదాం."